ఫిలడెల్ఫియా దగ్గర మా లూథరన్ చర్చి: థాంక్స్‌గివింగ్ నుంచి క్రిస్మస్ దాకా, మూడేళ్ళు చూశాక రాస్తున్న రివ్యూ

ఫిలడెల్ఫియా చుట్టుపక్కలకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు, ముఖ్యంగా మన గుంటూరు, రేపల్లె, నరసరావుపేట వైపు లూథరన్ కుటుంబాలవాళ్ళు నన్ను అడిగేది ఒకటే. మీరు వెళ్ళే ఆ అమెరికన్ చర్చి ఎలా ఉంటుందండీ, మనతో కలుస్తారా, పిల్లలకి బాగుంటుందా, నవంబర్ డిసెంబర్‌లో ఏం చేస్తారు అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పటం కంటే ఒకసారి కూర్చుని రాసేద్దాం అనుకున్నా. చర్చి పేరు ఇక్కడ పెట్టట్లేదు, ఎందుకంటే అక్కడి మనుషుల ఇంటి విషయాలు కూడా ఇందులో వస్తాయి, కావాలంటే మెసేజ్ పెట్టండి చెప్తా. రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, 5కి 4. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా రాస్తా.

ముందు ఒక మాట. ఏ చర్చికైనా సరే వేసవి సెలవుల్లో వెళ్ళి చూసి నిర్ణయించుకోకండి. మేం 2023 జూలైలో మొదటిసారి వెళ్ళాం, సగం బెంచీలు ఖాళీ, ఆరాధన సరిగ్గా గంటలో అయిపోయింది, తర్వాత కింద హాల్లో కాఫీ, ఎక్కడి నుంచి వచ్చారు అని ఒక ప్రశ్న, ఎండల గురించి ఒక మాట, అంతే. అక్టోబర్ దాకా అలాగే నడిచింది. మావారు అయితే ఇంక పొద్దున్నే లేచి అంత దూరం ఎందుకు, గుంటూరు ఆరాధన లైవ్‌లో వస్తుందిగా, ఇంట్లోనే చూసుకుందాం అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. మన ఊళ్ళో గుడి అంటే పుట్టినప్పుడు బాప్తిస్మం ఇచ్చిన చోటు, నాన్న పేరు చెప్తే చాలు సంఘపెద్దల దగ్గర నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ తెలుస్తాం. ఇక్కడ మన నాన్న పేరు ఎవరికి తెలుసు.

నవంబర్ రాగానే మొత్తం మారిపోతుంది. ఎందుకు మారుతుందంటే అప్పుడు చర్చికి చేతులు కావాలి. వండటానికి, మోయటానికి, కట్టటానికి, పాత్రలు కడగటానికి, నిచ్చెన పట్టుకోటానికి. హాల్ బయట గోడకి వరసగా సైన్‌అప్ షీట్లు అంటిస్తారు, వాటిమీద పేరు రాసిన రోజు నుంచే మీరు వాళ్ళకి తెలిసిన మనిషి అవుతారు. నా మూడేళ్ళ అనుభవంలో ఇది ఒక్కసారి కూడా తప్పలేదు.

మొదటి ఏడాది మాత్రం బాగా బాధపడ్డా, అదీ చెప్పాలి. నవంబర్ రెండో ఆదివారం పాట్‌లక్ పెట్టారు, ఇంటికో వంట తెచ్చుకుని అందరూ కలిసి తినటం, మన ప్రేమవిందు లాంటిదే అనుకోండి. నేను తెల్లారుజామున నాలుగింటికి లేచి పులిహోర కలిపా. ఇంటి దగ్గర నుంచి అమ్మ పంపిన చింతపండు, ఇంగువ పోపు, పల్లీలు దండిగా వేసి పెద్ద రేకు ట్రే నిండా పట్టుకెళ్ళా. భోజనాలయ్యాక చూస్తే టేబుల్ మీద నా ట్రే లేదు. కిచెన్‌లో స్టవ్ పక్కన ఓ మూల మూత వేసినట్టే ఉంది, ఒక్క గరిటె కూడా తీయలేదు. ఎవరూ నాతో ఒక్క మాట అనలేదు. కారెక్కి ఏడ్చేశా, మా పాప వెనక సీట్లోంచి ఏమైందమ్మా అని అడుగుతూనే ఉంది.

రెండ్రోజులకి కిచెన్ చూసుకునే పెద్దావిడ ఫోన్ చేసింది. స్కూల్లో నర్సుగా చేసి రిటైరయ్యారు ఆవిడ. సంఘంలో ఒక చిన్నబ్బాయికి పల్లీలు వాసన తగిలినా గొంతు వాచిపోతుందట, ట్రే మీద ఏం వేశారో రాసిన చీటీ లేదు, అందుకని కంగారుగా పక్కకి తీసేశారు, నీకు చెప్పకపోవటం మాత్రం పూర్తిగా మా తప్పు అంది. క్షమించమని రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత, వచ్చే శనివారం థాంక్స్‌గివింగ్ డబ్బాలు సర్దుతున్నాం, నువ్వొస్తే నాకు సాయంగా ఉంటుంది అంది. మావారు వద్దులే అన్నారు కానీ నేను వెళ్ళా. కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోండి, ఏ వంట తీసుకెళ్ళినా మీద చీటీ అంటించండి, పల్లీలు, జీడిపప్పు, పాలు, గోధుమ, గుడ్డు ఇవి ఉన్నాయా లేవా అని. నువ్వుల గురించి కూడా రాయండి. ఇప్పుడు చీటీలూ పెన్నూ టేబుల్ దగ్గరే పెడుతున్నారు, అది ఆ రోజు తర్వాత మొదలైందే.

డబ్బాలు సర్దటం గురించి చెప్పాలి, ఎందుకంటే మన కోతపండుగకీ, నవంబర్‌లో వచ్చే ఈ థాంక్స్‌గివింగ్ అనే కృతజ్ఞతల పండగకీ ఉన్న చుట్టరికం నాకు అక్కడే తెలిసింది. గుంటూరులో కోతపండుగ అంటే బలిపీఠం ముందు బియ్యం బస్తాలు, ఎండుమిరపకాయలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, ఆరాధన అయ్యాక వేలంపాట, పది రూపాయల సొరకాయని ఎవరో ఒకాయన వెయ్యి రూపాయలకి పాడితే చప్పట్లు, ఆ డబ్బు సంఘానికి. ఇంటిదగ్గర ఆడవాళ్ళు వండే ముందు రోజూ గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టేవాళ్ళు, అవి కూడా చేరేవి. ఇక్కడ బలిపీఠం ముందు డబ్బా ఆహారం పెడతారు, మొక్కజొన్న గింజలు, బీన్స్, క్రాన్‌బెర్రీ సాస్, చిలగడదుంపలు, స్టఫింగ్ ప్యాకెట్లు. వేలం ఉండదు. అవన్నీ శనివారం అట్టపెట్టెల్లో సర్ది, ఒక్కోదానికి గడ్డకట్టిన టర్కీ కోడి ఒకటి జతచేసి, ఊళ్ళో ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకి ఇస్తారు. 2025లో 60 పైచిలుకు అట్టపెట్టెలు కట్టాం. ఎవరికి ఇస్తున్నామో పేర్లు బయటికి చెప్పరు, కార్లు వెనకవైపు గేటుకి వస్తాయి, డిక్కీ తెరుస్తారు, పెట్టేసి ప్రార్థన కావాలా అని అడుగుతారు, వద్దంటే వద్దు. ఆ మర్యాద నాకు చాలా నచ్చింది, ఫొటోలు తీయరు.

టర్కీ వండాలనుకునే మనవాళ్ళకి, అది మన కోడి లాంటిది కాదు. ఫ్రిజ్‌లో పెట్టి కరగనివ్వాలంటే నాలుగైదు పౌండ్లకి ఒక రోజు చొప్పున లెక్క, అంటే 16 పౌండ్ల పక్షి నాలుగు రోజులు తీసుకుంటుంది. బుధవారం రాత్రి తీసి గురువారం వండుదాం అంటే లోపల రాయిలాగే ఉంటుంది. ఉడికిందో లేదో రంగు చూసి చెప్పకండి, థర్మామీటర్ గుచ్చి 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చిందా చూడాలి. కిచెన్ పెద్దావిడ నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. నేను ఆవిడకి అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు పట్టించి రాత్రంతా నానబెట్టటం నేర్పా, ఇప్పుడు సంఘం భోజనంలో రెండు టర్కీలు ఆ పద్ధతిలోనే వండుతున్నాం, ముందు అవే అయిపోతాయి.

ఇంక 2025 గురించి.

ఆ ఏడు మార్చిలో మా నాన్న పోయారు. అమ్మని సెప్టెంబర్‌లో ఇక్కడికి తెచ్చుకున్నాం. మనలో తెలుసుగా, ఇంట్లో మనిషి పోయిన ఏడాది పండగ చెయ్యరు, కొత్తబట్టలు ఉండవు, స్టార్ కట్టరు, పిండివంటలు చుట్టాలు తెస్తే తినటమే. అమ్మ విమానం దిగిన వారానికే చెప్పేసింది, ఈ ఏడు మనకి పండగ లేదమ్మాయ్, నువ్వు పాప కోసం ఏదన్నా చేసుకుంటే చేసుకో, నన్ను మాత్రం లాగొద్దు అని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చునేది. మాకు ఇద్దరికీ ఆఫీసులు, పాపకి స్కూలు. ఇల్లంతా నిశ్శబ్దం, ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం.

మా చర్చిలో మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి కింద గదిలో క్విల్ట్‌లు కుట్టే బామ్మలు కూర్చుంటారు, ఏడెనిమిది మంది, అందరూ డెబ్బై దాటినవాళ్ళే. అవి లూథరన్ వరల్డ్ రిలీఫ్ అనే సంస్థ ద్వారా యుద్ధాలు, కరువులు, వరదలు వచ్చిన దేశాలకి వెళ్తాయి. కొలత 60 అంగుళాలు, 80 అంగుళాలు. ఒకసారి సెలవు పెట్టి అమ్మని తీసుకెళ్ళా. పాత గుడ్డముక్కలు చదరంగా కత్తిరించి కలిపి కుట్టి పైపొర, మధ్యలో దుప్పటిలాంటిది ఒకటి, కింద ఒక గుడ్డ, మూడూ పరిచి అక్కడక్కడా దారంతో గుచ్చి ముడులు వేస్తున్నారు. అమ్మ ఒక నిమిషం చూసింది. చూసి, ఇది బొంతే కదే అంది. అంతే, సూది తీసుకుని కూర్చుంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ పాత నూలు చీరలు నాలుగు మడతలు పరిచి చలికాలం ముందు బొంతలు కుట్టేది, అమ్మ ఆ చివర పట్టుకునేదట. ఒక బామ్మ అమ్మ చేతిలో చెయ్యి పెట్టి ముడి ఎలా వెయ్యాలో చూపించింది, కుడి దారం ఎడమ మీదుగా, తర్వాత ఎడమ దారం కుడి మీదుగా, అప్పుడు లాగితే జారదు. మధ్యాహ్నం నేను తీసుకెళ్ళటానికి వచ్చేసరికి అమ్మ వేలి చివర దారం ఒరుసుకుని ఎర్రగా గీత పడింది, బామ్మ ఒకావిడ దానికి చిన్న ప్లాస్టర్ అంటించి ఉంది. ఇంటికొస్తూ కారులో అమ్మ మళ్ళీ మంగళవారం ఎప్పుడు అని అడిగింది. నాన్న పోయాక ఆవిడ రాబోయే రోజు గురించి అడగటం అదే మొదటిసారి.

అక్కడే ఇంకో సంగతి. మీరు ఏ ఊళ్ళో పుట్టారు అని వాళ్ళడిగితే అమ్మ గుంటూరు, కుగ్లర్ హాస్పిటల్ అని చెప్పింది. ఆ పేరు విన్న ఒక బామ్మ కుర్చీలోంచి లేచింది. డాక్టర్ అన్నా కుగ్లర్ గారిది ఆర్డ్‌మోర్, మా ఇంటికి ఇరవై నిమిషాల దూరం. ఆవిడ 1856లో అక్కడ పుట్టి, ఫిలడెల్ఫియాలోనే ఆడవాళ్ళ మెడికల్ కాలేజీలో చదివి, 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో మన దగ్గరే కన్నుమూశారు. అంతకుముందు 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్ గారిని పంపింది కూడా ఈ పెన్సిల్వేనియా లూథరన్లే, ఆయన చివరికి 1873లో ఈ ఫిలడెల్ఫియాలోనే చనిపోయారు. మనకి సండేస్కూల్లో ఈ పేర్లన్నీ చెప్తారు కానీ వాళ్ళు బయల్దేరిన వీధులు ఇక్కడ ఉన్నాయని నాకు అప్పటిదాకా తట్టలేదు. తర్వాతి వారం ఆ బామ్మే అమ్మని కారులో ఆర్డ్‌మోర్ తీసుకెళ్ళింది. చూడటానికి పెద్దగా ఏం లేదు, రైల్వే స్టేషన్, షాపులు, పాత రాతి ఇళ్ళు. అమ్మ ఫుట్‌పాత్ మీద నిలబడి కొంగు తలమీద వేసుకుని తెలుగులో ప్రార్థన చేసింది, బామ్మ పక్కనే తలవంచుకుని నిలబడిందట. నేను లేను, బామ్మ తర్వాత నాకు చెప్పింది.

నవంబర్ 23 ఆదివారం, అడ్వెంట్‌కి, అంటే ఆగమన కాలానికి, ముందు వచ్చేది, ఆ ఏడాది కుట్టిన బొంతలన్నీ తెచ్చి గుళ్ళో బెంచీల వీపుల మీద పరిచారు. లోపలికి అడుగుపెడితే రంగులు రంగులు, గుడి మొత్తం పొలంలా ఉంది. ఎవరు ఎక్కడ కూర్చున్నా ఒక బొంతకి ఆనుకునే కూర్చోవాలి, అందరూ వాటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అమ్మ కుట్టినవి నాలుగు. వాటిల్లో ఒకదాని మధ్యలో నాన్న చొక్కా ముక్క ఉంది, నీలం గళ్ళది, అమ్మ గుంటూరు నుంచి ఎప్పుడు తెచ్చిందో నాకు తెలియదు. ఆవిడ వెళ్ళి సరిగ్గా ఆ బెంచీలోనే కూర్చుంది.

థాంక్స్‌గివింగ్ పండగ గురించి చిన్నగా చెప్తా, మీకు తెలిసే ఉంటుంది. అబ్రహాం లింకన్ 1863లో నవంబర్ చివరి గురువారం అని ప్రకటించారు, 1941లో కాంగ్రెస్ చట్టం చేసి నాలుగో గురువారంగా స్థిరపరిచింది. గురువారం రోజు చాలా చర్చిల్లాగే మా దాంట్లో కూడా ఆరాధన ఉండదు, ముందురోజు బుధవారం సాయంత్రం పక్కన మెథడిస్టులు, క్యాథలిక్కులు, మేము కలిసి ఒక గుళ్ళో చేస్తారు. ఎవరైనా లేచి ఈ ఏడు దేనికి కృతజ్ఞతలో చెప్పొచ్చు, మన సాక్ష్యాలు లాగా, కానీ ఒక్కొక్కరు రెండు మాటల్లో ముగిస్తారు. గురువారం ఒంటరిగా ఉండేవాళ్ళ కోసం చర్చి ఆఫీసులో ఒక పుస్తకం పెడతారు, భోజనానికి పిలవగలిగేవాళ్ళు ఒకవైపు, వెళ్ళాలనుకునేవాళ్ళు ఇంకోవైపు పేర్లు రాస్తారు. 2023లో మేం వెళ్ళేవైపు రాశాం, 2025లో పిలిచేవైపు రాశాం. ఇద్దరు ముసలి దంపతులు, నైజీరియా నుంచి వచ్చిన ఒక స్టూడెంట్ మా ఇంటికి వచ్చారు. టర్కీతో పాటు గోంగూర పచ్చడి పెట్టాం, ఆ అబ్బాయి రెండుసార్లు వడ్డించుకున్నాడు.

అడ్వెంట్ అంటే మన ఆగమన కాలం, క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు. 2025లో నవంబర్ 30న మొదలైంది, థాంక్స్‌గివింగ్ అయిన మూడో రోజే, అందుకని శనివారం పొద్దున్నే గుడి అలంకరణకి మనుషులు తక్కువ వస్తారు, మీరు వెళ్తే బంగారంలా చూసుకుంటారు. ప్లాస్టిక్ కాదు, నిజం కొమ్మలు కట్టలు కట్టలు వస్తాయి, గుడంతా ఆకుపచ్చ వాసన. బలిపీఠం మీద గుడ్డలు నీలంలోకి మారుస్తారు. అడ్వెంట్ రీత్ అని కొమ్మలతో చుట్టిన పెద్ద చక్రం, దాని మీద నాలుగు కొవ్వొత్తులు, వారానికి ఒకటి చొప్పున ఎక్కువ వెలిగిస్తారు. ఇది 1839లో హాంబర్గ్‌లో వీహెర్న్ అనే పాస్టర్‌గారు తన దగ్గరున్న పేదపిల్లలు క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులు అని రోజూ అడుగుతుంటే బండిచక్రం తీసుకుని ఆదివారాలకి పెద్ద కొవ్వొత్తులు, మిగతా రోజులకి చిన్నవి పెట్టి మొదలుపెట్టారని చెప్తారు. రెండో వారం కొవ్వొత్తి మా పాప వెలిగించింది. పొడవాటి ఇత్తడి కర్ర చివర వత్తి ఉంటుంది, అది పట్టుకుని మెట్లెక్కటం వారం రోజులు ఇంట్లో చీపురుకర్రతో ప్రాక్టీస్ చేసింది.

మనవాళ్ళకి కష్టమయ్యేది ఒకటుంది. ఆ నాలుగు వారాలూ క్రిస్మస్ పాటలు పాడరు. మనకి డిసెంబర్ ఒకటి వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌లు, రాత్రంతా కేరల్స్, డప్పులు, ఇంటింటికీ తిరిగి టీ తాగటం, మైకులు. ఇక్కడ ఎదురుచూసే పాటలే పాడతారు, గొంతు తగ్గించి, కొంచెం దిగులుగా ఉంటాయి. మొదటి ఏడాది నాకు అస్సలు ఎక్కలేదు, పండగ వాతావరణమే లేదనిపించింది. 2025లో మాత్రం అమ్మకి అవే సరిపోయాయి. పండగ లేని మనిషి కూడా కూర్చోగలిగిన ఆరాధన అది.

బుధవారాలు, 2025లో అయితే డిసెంబర్ 3, 10, 17, సాయంత్రం సూప్ భోజనం, తర్వాత అరగంట ప్రార్థన. సూప్ చప్పగా ఉంటుంది, నిజమే చెప్తున్నా, బఠాణీ సూప్ అయితే మిరియాలపొడి ఇంటి నుంచి పట్టుకెళ్ళండి. హాల్ చల్లగా కూడా ఉంటుంది, స్వెటర్ తీయకండి. పార్కింగ్ ఆరింటికే నిండిపోతుంది. పిల్లలకి మర్నాడు స్కూలు ఉంటే ఏడున్నరకి లేచి వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకో ఇబ్బంది, సైన్‌అప్‌లు ఇప్పుడు సగం గోడ మీద సగం యాప్‌లో పెడుతున్నారు, రెండుచోట్లా చూడకపోతే మీ పని ఇంకొకరికి వెళ్ళిపోతుంది. పెద్దవాళ్ళు యాప్ వాడలేక వెనక ఉండిపోతున్నారు, ఈ సంగతి కౌన్సిల్‌లో చెప్పాను, సరిచేస్తామన్నారు.

ఏంజెల్ ట్రీ కూడా పెడతారు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థవాళ్ళు 1979లో వర్జీనియాలో మొదలుపెట్టిన పద్ధతి ఇది, చెట్టుకి కాగితం చీటీలు వేలాడతాయి, ఒక్కో చీటీ మీద ఒక పిల్లాడి వయసు, కావాల్సింది ఉంటుంది, పేరు ఉండదు. మా పాప తీసిన చీటీలో, అబ్బాయి, తొమ్మిదేళ్ళు, చలికోటు, గ్లవ్స్, ఎర్రరంగు ఇష్టం అని ఉంది. పాపకి కూడా తొమ్మిదేళ్ళే. మూడు షాపులు తిరిగింది ఎరుపు కోసం, ముదురు ఎరుపు వద్దు అంది, చివరికి దొరికాక గ్లవ్స్ కోటు జేబులో పెట్టి ప్యాక్ చేసింది, తియ్యగానే కనపడాలట.

డిసెంబర్ మొదట్లో చర్చి బస్సులో బెత్లెహేము వెళ్ళాం. పెన్సిల్వేనియాలోనే ఉంది ఈ బెత్లెహేము, మొరేవియన్లు అనే ప్రొటెస్టంట్ శాఖవాళ్ళు కట్టుకున్న ఊరు, 1741 క్రిస్మస్ ముందురోజు రాత్రి పేరు పెట్టారు. అక్కడ ఏ వరండా చూసినా నక్షత్రమే, మొరేవియన్ స్టార్ అంటారు, మామూలుగా 26 కోణాలు. జర్మనీలో నీస్కీ అనే ఊళ్ళో మొరేవియన్ల బడిలో 1830ల ప్రాంతంలో పిల్లలకి లెక్కలు చెప్పటానికి మొదలైందంటారు. అమ్మ వాటిని చూస్తూ నాన్న కట్టిన స్టార్ల గురించి మాట్లాడింది, వెదురుబద్దలు చీల్చి, రంగు గ్లాసు కాగితం మైదాపిండి ఉడికించిన జిగురుతో అంటించి, లోపల బల్బు పెట్టి డాబా మీద కర్రకి ఎత్తేవారు, పోయిన క్రిస్మస్‌కి కూడా ఆయనే ఎక్కారు నిచ్చెన. స్టార్ కొందామా అని నేను అడగలేదు. ఆవిడే ఒకటి కొంది, చిన్నది, తెల్లది, పెట్టెలో పెట్టి ఉంచు, వచ్చే ఏడు కడదాం అంది.

డిసెంబర్ 21 రాత్రి ఒక ఆరాధన ఉంటుంది, ఏడాదిలో పొడవైన రాత్రి కదా, ఆ పేరుతోనే పిలుస్తారు. మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళ కోసం, పండగ చేసుకోలేనివాళ్ళ కోసం. మన దగ్గర ఇలాంటిది నేను ఎప్పుడూ చూడలేదు, మనకి పండగ లేనివాళ్ళు ఇంట్లోనే ఉంటారు. లైట్లు సగమే వేస్తారు, ప్రసంగం రెండు నిమిషాలు, ఎవరిష్టం వాళ్ళది, లేచి ముందుకి వెళ్ళి ఇసుక పోసిన పళ్ళెంలో సన్న కొవ్వొత్తి వెలిగించి గుచ్చి, పోయిన మనిషి పేరు చెప్పి రావటమే. మా పాస్టర్ గారు ఆడమనిషి. అమ్మ మొదట్లో పాస్టరమ్మగారు అనుకుని అయ్యగారు ఏరమ్మా అని అడిగేది, ఇప్పుడు ఆవిడనే అయ్యగారు అంటోంది. ఆ రాత్రి నాన్న పేరు పలకటం వస్తుందో రాదో అని పాస్టర్ గారు ముందురోజు నాకు ఫోన్ చేసి నాలుగుసార్లు పలికి చూసుకున్నారు, ఇంటిపేరుతో సహా. అమ్మ గొంతు పెగలక ఆగిపోతే ఆవిడ పక్కన నిలబడి పూర్తి పేరు స్పష్టంగా చదివారు. గుంటూరులో మా పారిష్‌లో చదివినట్టే ఉంది.

పిల్లల డ్రామా డిసెంబర్ 14న అయింది, మన సండేస్కూల్ డ్రామా లాంటిదే, గొర్రెలు ఎక్కువ, జ్ఞానులు తక్కువ, దాని గురించి ఎక్కువ రాయను.

ఇప్పుడు తగ్గించిన ఆ ఒక్క పాయింట్. ఈ చర్చిలో 24 సాయంత్రం నాలుగింటికీ రాత్రి పదింటికీ ఆరాధనలు ఉంటాయి, కొవ్వొత్తుల వెలుగులో, గుడి కిటకిటలాడుతుంది, చాలా బాగుంటుంది. కానీ 25న ఏమీ ఉండదు. 2023లో మాకు ఆ సంగతి తెలియదు. తెల్లారకముందే లేచి తలస్నానాలు చేసి, పాపకి పట్టు పరికిణీ వేసి, నేను కొత్తచీర కట్టుకుని, ఆరింటికల్లా వెళ్తే తలుపుకి తాళం. పార్కింగ్‌లో మా కారు ఒక్కటే. వాళ్ళ పద్ధతి అంతే, క్రిస్మస్ రోజు ఇంట్లో పిల్లలతో గడుపుతారు, వెబ్‌సైట్‌లో కూడా రాసే ఉంది, మేం చూసుకోలేదు. అయినా తెల్లారుజామున గంట మోగితే లేచి, చలిలో గుడికి నడిచి వెళ్ళి పెరిగినవాళ్ళకి క్రిస్మస్ పొద్దున మూసిన గుడి చూడటం తట్టుకోలేని విషయం. మూడేళ్ళయినా ఆ లోటు నాకు అలాగే ఉంది, అందుకే 4.

2025లో మాత్రం ఒకటి జరిగింది. మంగళవారం బొంతల దగ్గర అమ్మ ఈ విషయం తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పిందట, క్రిస్మస్ మార్నింగ్, చర్చ్ లాక్, వెరీ సాడ్ అని. బామ్మలు అది పాస్టర్ గారి దగ్గరికి మోసుకెళ్ళారు. 24 రాత్రి ఆరాధన అయ్యాక పాస్టర్ గారు గుమ్మం దగ్గర చేతులు కలుపుతూ అమ్మ చేతిలో ఒక తాళంచెవి పెట్టారు, పక్కనున్న చిన్న చాపెల్‌ది. పొద్దున ఆరింటికి మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు నాలుగు చేరాం, హీటర్ వేడెక్కేసరికి మొదటి కీర్తన అయిపోయింది. అమ్మ పాత చీరే కట్టుకుంది. ప్రార్థన మధ్యలో తలుపు చప్పుడైతే చూశాం, బామ్మలిద్దరు, కోట్లు కూడా విప్పకుండా వెనక బెంచీలో కూర్చున్నారు, తెలుగు ఒక్క ముక్క రాదు, చివరి ఆమెన్ దాకా ఉన్నారు.

ఆ తాళంచెవి తిరిగి ఇవ్వబోతే పాస్టర్ గారు మీ దగ్గరే ఉంచండి అన్నారు, ఇప్పుడు మా వంటింట్లో గరిటెల డ్రాయర్‌లో ఉంది. 2026లో క్రిస్మస్ శుక్రవారం వస్తుంది. రావాలనుకునేవాళ్ళు పొద్దున ఆరింటికి, వెనకవైపు గేటులోంచి రండి, ముందు తలుపు తియ్యం. కీర్తనల పుస్తకాలు మూడే ఉన్నాయి, మీ దగ్గరుంటే తెచ్చుకోండి. అప్పటిదాకా ఆగలేనివాళ్ళు, నవంబర్ మొదటివారం గోడ మీద షీట్లు అంటించగానే వచ్చి పేరు రాయండి, పాత్రలు కడిగే వరస ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, నేను కూడా అక్కడే ఉంటా.